పళ్ళు వదిలిన గోడ

ఉద్యోగ విరమణ తర్వాత నెలకొక పాత కట్టడం చూసి రావాలని నియమం పెట్టుకున్నాను. ఓవర్సీరుగా నా జీవితమంతా కొత్త గోడలు లేపించడంలోనే గడిచింది. అవి ఎట్లా పగులుతాయో దగ్గర ఉండి చూశాను. పాతవి ఎట్లా నిలబడ్డాయో కూడా చూడాలి కదా అనిపించింది. ఈ నెల వంతు ఎల్లారెడ్డి అవతల ఒక పల్లెలో ఉన్న క్యాథలిక్ చర్చిది. పల్లె పేరు రాయడం లేదు. కారణం చదివితే మీకే తెలుస్తుంది.

ఆదివారం పొద్దున నేను సంచి సర్దుకుంటుంటే మా ఆవిడ టిఫిను డబ్బా చేతికిచ్చి, "చూసుడు చూసి రాండ్రి. ఎవ్వరికీ సలహా ఇయ్యకుండ్రి" అన్నది. ఆ మాట ఊరికే అనలేదు. మొన్న మా మరదలి గృహప్రవేశంలో నేను స్లాబును చేతికర్రతో తట్టి చూసి ఒక్క మాట అన్నాను. ఆనాటి నుంచి ఆ ఇంటి నుంచి మాకు ఫోను లేదు.

కామారెడ్డి బస్టాండులో ఏడుంబావుకు ఎల్లారెడ్డి బస్సు దొరికింది. పల్లెవెలుగు. కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంది కాని, దాని మీద ఒక పెద్ద బట్టల మూట కూర్చుని ఉంది. మూట యజమానురాలు పక్క సీట్లో ఉంది. డెబ్భై ఏళ్ళు ఉంటాయి. మెడలో నల్లదారానికి చిన్న సిలువ. నన్ను చూసి మూటను ఒళ్ళోకి లాక్కుని, "కూసో సారు. పొల్ల పెట్టుబట్టలు. నలుగుతయని భయం, అంతే" అన్నది.

పేరు లూర్దవ్వ. నేను వెళ్తున్న ఊరే. కండక్టరు వస్తే ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్టు తీసుకుంది. నేను డబ్బులిచ్చి తీసుకున్నాను.

"ఏడికి వోతున్నవ్ సారు?"

"మీ ఊరి చర్చి చూడటానికి, అవ్వా."

"పూజకా?"

"కాదు. గోడలు చూడటానికి."

"గోడలా!" అవ్వ నా టికెట్టు వైపు జాలిగా చూసింది. "గోడలు చూడనీకె కిరాయి వెట్టుకొని వస్తున్నవా? నాకు ఫిరీ అయినా నేను గోడలు చూడనీకె ఎక్కకపోదును."

తాడ్వాయి దాటాక అవ్వ మెల్లగా మనసులో మాట బయటపెట్టింది. "ఇయ్యాల మా విచారణల మూడోసారి పేర్లు పిలుస్తరు సారు. రెండుసార్లు పిలిసిండ్రు, ఎవ్వరు నోరు మెదపలే. ఇయ్యాల గూడ ఎవ్వరు లేవకుంటె గట్టెక్కినట్టే. రాత్రంత నిద్ర లేదు."

పాఠకులు ఇక్కడ ఆగి ఒక సంగతి తెలుసుకోవాలి. క్యాథలిక్కులు ఒక ఫాదర్ చూసుకునే ఊళ్ళన్నిటినీ కలిపి 'విచారణ' అంటారు. ఆ ఫాదర్ 'విచారణ గురువు'. పెండ్లి కుదిరితే ఇద్దరి పేర్లూ వరుసగా మూడు ఆదివారాలు చర్చిలో చదువుతారు. అభ్యంతరం ఉన్నవాళ్ళు అప్పుడే చెప్పాలి. లూర్దవ్వ చెబుతున్నది మనుమరాలు సునీత పెండ్లి గురించి. ఇదంతా నాకు మధ్యాహ్నం తెలిసింది. పొద్దున బస్సులో నాకు తెలిసిన విచారణ ఒక్కటే: బల్లకు అవతల అధికారి, ఇవతల సాక్షి, తలుపు దగ్గర మూడుసార్లు పేరు పిలిచే జవాను. సర్వీసులో రెండుసార్లు సాక్షిగా వెళ్ళాను. ఇప్పటికీ ఆ మాట వింటే చొక్కా గుండీలు సరిగా ఉన్నాయా అని చూసుకుంటాను.

"ఆదివారం కూడా పెట్టారా?" అన్నాను.

"ఆదివారమే గద పెట్టేది!"

కాలం మారిందనుకుని డైరీలో రాసుకున్నాను. "అవతలి పార్టీ ఎవరవ్వా?"

"మద్నూర్ దిక్కు ముసలోడు ఒక్కడున్నడు. అంతయ్య. మేం పాతోళ్ళం, మీరు నిన్న మొన్న అచ్చినోళ్ళు అంటడు. సందు దొరికితె సాలు, మొత్తం చెడగొడ్తడు."

"పాత పట్టా ఉందా ఆయన దగ్గర?"

"ఏం పట్టనో ఏమో సారు. పట్టుదల మాత్రం మస్తుగున్నది."

నాకు చేతనైన ధైర్యం చెప్పాను. "భయపడకు. విచారణలో ఉన్నది ఉన్నట్టు రావాలి. ఎవరికైనా అభ్యంతరం ఉంటే లేచి చెప్పడమే మంచిది. లోపల దాచుకుంటే రేపు పెద్ద చిక్కవుతుంది."

అవ్వ మూటను నా వైపు నుంచి ఇంకొంచెం అటు జరుపుకుంది. "నీకు మద్నూర్‌ల ఎవలన్న ఎరుకనా సారు?" అని అడిగింది. లేరన్నాను. నమ్మినట్టు కనిపించలేదు. లింగంపేటలో సీటు ఖాళీ కాగానే లేచి ముందుకు వెళ్ళి కూర్చుంది.

ఎల్లారెడ్డిలో దిగేసరికి తొమ్మిది కావస్తోంది. స్టాండు పక్కన హోటల్లో చాయ్ బాగుంది. మా ఆవిడ కట్టిచ్చిన ఉప్మా అక్కడే తిన్నాను, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. అక్కడి నుంచి ఆ పల్లెకు షేర్ ఆటోలు ఉంటాయి. నిండితే తప్ప కదలవు, నిండినా వెంటనే కదలవు. అవ్వ నాకంటే ముందు ఆటోలో వెళ్ళిపోయింది.

చర్చి ఊరి చివర, మక్క చేలకు ఆనుకుని ఉంది. మొదటి చూపుకే మనసు నిండింది. గోడలు మూరెడుకు పైగా మందం. లోపల రాయి, గానుగలో ఆడించిన డంగు సున్నం. పైన ఏటేటా వేసిన తెల్ల సున్నం. కిటికీల పైన కమానులు కొసదేలి ఉన్నాయి, విదేశీ పద్ధతి. కాని కమాను నడిమి రాయి మీద చెక్కింది తామరపువ్వు, మన దొరల గడీల దర్వాజాల మీద ఉండేదే. లోపలి గోడల్లో మన పాత ఇండ్లలో ఉన్నట్టే దీపపు గూళ్ళు. టేకు వాసాలు, పైన బెంగుళూరు పెంకులు. పటం గీసింది పై దేశం మనిషి, కట్టింది ఈ పక్క ఊళ్ళ మేస్త్రీలు. ఇద్దరూ ఎవరి పట్టు వాళ్ళు విడవలేదు. అందుకే అందంగా ఉంది.

ముందు ఒక వసారా ఉంది. వసారాకూ అసలు గుడికీ మధ్య తలుపు దగ్గర కుడివైపు, తీర్థజలం గిన్నె వెనక, పళ్ళెమంత మేర సున్నం ఊడిపోయింది. 'నిర్వహణ లోపం' అని డైరీలో రాశాను.

అక్కడి ఉపదేశి నా దగ్గరకు వచ్చాడు. ఫాదర్ లేని రోజుల్లో ప్రార్థన నడిపించేది ఆయనే. గుడి చరిత్ర అడిగాను.

"నిజాం కాలంల ఒక ఫాదర్ బండ్ల అచ్చిండట సారు, దొరలెక్క ఎర్రగ. తెలుగు నేర్సిండు గని నోరు తిరుగకపోతుండె. 'రాతి గుడి కడదాం రండి' అనబోయి 'రాత్రి గుడి కడదాం రండి' అన్నడట. మనోళ్ళు చీకటి వడ్డంక లాంతర్లు వట్టుకొని అచ్చిండ్రట. అచ్చినోళ్ళను తిప్పి పంపుడెందుకని ఆ రాత్రే బునాది తవ్విచ్చిండట."

"ఇది నిజమేనా?"

"లాంతరు మా తాతదే సారు."

ఇంతకంటే గట్టి ఆధారం నాకు మరెక్కడా దొరకలేదు. వసారా తర్వాత కట్టిందా అని అడిగితే ఉపదేశి తెలియదన్నాడు. నేను గోడను కర్రతో తట్టి చూసి, "మొత్తం ఒకేసారి కట్టింది" అని తేల్చాను.

గుడి ఎడమ పక్కన కొత్త పిల్లర్లు లేస్తున్నాయి. పైన ఇనుప చువ్వలు. జనం పెరిగారు కాబట్టి పక్కన సిమెంటు హాలు కట్టి, నడిమి గోడ పగలగొట్టి రెండింటినీ కలుపుతారట. సున్నపు గోడకూ సిమెంటుకూ పడదు. ఒకటి వానకు ఉబ్బుతుంది, ఒకటి బిగుసుకుంటుంది. నా కళ్ళ ముందే ఎన్ని విడిపోయాయో!

"పూజ అయినంక ఫాదర్ గీ ముచ్చట తీస్తరు సారు. ఎవలకన్న అభ్యంతరం ఉంటె గప్పుడు చెప్పాలె" అన్నాడు ఉపదేశి.

మా ఆవిడ మాట గుర్తుకు వచ్చింది. అడిగినప్పుడు చెప్పేది సలహా కిందికి రాదని నాకు నేను నచ్చజెప్పుకున్నాను.

పదింటికి పూజ మొదలైంది. చెప్పులు విడిచి, వసారాలో ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. లోపల ఎత్తైన కప్పు. పాటకు అద్భుతంగా ఉంది, మాటకు అన్యాయంగా ఉంది. ఫాదర్ ఒక మాట అంటే అది నాలుగు గోడలూ తిరిగి, తోక మాత్రమే నా దాకా వచ్చేది. దానికి తోడు తల మీద ఫ్యాను. పూజ చివర ఫాదర్ ఒక కాగితం తీశాడు. నేను ముందుకు వంగి చెవి పెట్టాను.

"...ప్రకటన... మూడవది... ఈ కలయికకు... అభ్యంతరం... విచారణ గురువుకు తెలియజేయవలెను."

లేచి నిలబడ్డాను. "నాకుంది ఫాదర్!"

తలలన్నీ తిరిగాయి. ఇంతమంది శ్రద్ధగా వింటున్నారని నాకు ఉత్సాహం వచ్చింది.

"ఈ కలపడం వద్దు. పాతదానికి పాత గుణం, కొత్తదానికి కొత్త గుణం. పైకి అతికినట్టే కనిపిస్తుంది. ఒక్క వానకాలం ఆగండి, మధ్యలో బీట పడుతుంది. రెండో వానకు రెండూ విడిపోతాయి. నా అనుభవంలో ఇట్లాంటివి చాలా చూశాను!"

స్త్రీల వైపు నుంచి ఒక కేక. లూర్దవ్వ. "నేను బస్సులనే అనుకున్న! బస్సులనే అనుకున్న! మద్నూరోడు పంపిన మనిషి ఈడు!"

పురుషుల వైపు మొదటి వరుసలో రుమాలు చుట్టుకున్న ఒక పెద్దాయన నెమ్మదిగా లేచి, చేతులు జోడించి పైకప్పు వైపు చూశాడు. "నేను వంపలే. దేవుడు వంపిండు" అన్నాడు. అంతయ్య ఆయనే, మూడో పిలుపు వినడానికి మద్నూర్ నుంచి వచ్చాడట.

ఆ తర్వాత నన్ను గుడి వెనక ఫాదర్ గదిలో కూర్చోబెట్టారు. బల్లకు అవతల ఫాదర్, ఇవతల నేను, వెనక రెండు ఇండ్లవాళ్ళు. చొక్కా గుండీలు చూసుకున్నాను. వయసులో చిన్నవాడైనా ఫాదర్ ఓపికమంతుడు. అభ్యంతరం వస్తే అడిగి తెలుసుకోవడం నియమమట.

"మీకు అమ్మాయి సునీత ఎట్లా తెలుసు?"

"ఏ సునీత?"

"అబ్బాయి ప్రవీణ్?"

"ఎవరు?"

"మరి మీ అభ్యంతరం?"

"గోడ" అన్నాను.

ఫాదర్ కాసేపు నా వైపు చూసి, తర్వాత కిటికీలోంచి హాలు పిల్లర్ల వైపు చూసి, బల్ల మీద తల పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నాడని తెలియడానికి నాకు కొంత సమయం పట్టింది. అప్పుడు చెప్పాడు, విచారణ అంటే ఏమిటో, నేను లేచి ఆపింది ఏమిటో.

నవ్వుతో తీరే సంగతైతే బాగుండేది. అంతయ్య ఒప్పుకోలేదు. పిల్లవాడి మేనమామ ఆయన. తండ్రి లేని పిల్లవాడిని పెంచింది కూడా ఆయనే. ఆయన సరేననకుండా పెండ్లి లేదు. తాతల కాలం నుంచి గుడికి పోతున్న ఇంటి పిల్లవాడికి, లూర్దవ్వ భర్త కాలంలో మతంలో చేరిన ఇంటి పిల్లను చేసుకోవడం ఆయనకు మొదటి నుంచీ ఇష్టం లేదు. సందు కోసమే చూస్తున్నాడు. నేను సందు ఇవ్వలేదు, దర్వాజానే తెరిచాను.

"ఫాదర్, మీరే చెప్పుండ్రి. సారు మన మతం కాదు, చుట్టం కాదు, పగోడు గాదు. గసొంటి మనిషి నోట్లెకెళ్ళి పాతది కొత్తది ఆగదని ఎట్లచ్చింది?"

"నేను గోడ గురించి అన్నాను అయ్యా."

"గోడ పేరు వెట్టి దేవుడన్నడు. కొన్ని రోజులు ఆగుదాం."

ఆగడం అంటే ఏమిటో గదిలో అందరికీ తెలుసు. వచ్చే నెల దాటితే తపస్సు కాలం వస్తుంది, ఆ నలభై రోజులూ వాళ్ళలో పెండ్లిళ్ళు ఉండవు. అది అయ్యేసరికి అంతయ్య ఇంకో సంబంధం వెతికి ఉంచుతాడు. లూర్దవ్వ పెట్టుబట్టల మూట ఇంకా ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది. నన్ను తిట్టడం ఆపేసింది. దానికే నాకు ఎక్కువ భయం వేసింది.

తలుపు దగ్గర నిలబడ్డ అమ్మాయి, సునీత, అప్పుడు నా వైపు తిరిగి నోరు తెరిచింది. "తాతా, మీరన్న మాట మీరే వాపస్ తీస్కోండ్రి. మేం తీస్తె రాదు."

నిజమే. కాని అంతయ్యకు క్షమాపణ అక్కరలేదు, ఇంజనీరు మాట కావాలి. పాతా కొత్తా కలిసి ఆగిన గోడ నేను ఎక్కడ చూశాను? నలభై ఏళ్ళ సర్వీసు తిరగేసుకుంటూ, మంచినీళ్ళ కోసమని వసారాలోకి వచ్చాను. కూజా తీర్థజలం గిన్నె పక్కనే ఉంది. నీళ్ళు తాగుతూ, పొద్దున నేను 'నిర్వహణ లోపం' అని రాసుకున్న చోటు వైపు చూశాను.

సున్నం ఊడిన చోట ఒక నల్ల రాయి. దాని కింద ఒక ఎర్ర రాయి. దాని కింద మళ్ళీ నల్లది.

జేబులోంచి తాళంచెవి తీసి సున్నం గీకాను. నా వెంట వచ్చిన లూర్దవ్వ, "పెండ్లి చెడగొట్టిండు, ఇప్పుడు గోడ మీద వడ్డడు!" అన్నది. నేను ఆపలేదు. మూరెడు మేర గీకాక అంతా బయటపడింది. లోపలి గుడి నల్ల రాయి. వసారా ఎర్ర రాయి. నల్ల రాయి ఒకటి బయటికి, ఒకటి లోపలికి; ఆ సందుల్లో ఎర్ర రాళ్ళు వచ్చి కూర్చున్నాయి. రెండు చేతుల వేళ్ళు ఒకదానిలో ఒకటి పెట్టుకున్నట్టు. మొత్తం ఒకేసారి కట్టిందని నేను కర్రతో తట్టి తేల్చిన గోడ రెండు కాలాలది. వెంట్రుకవాసి బీట కూడా లేదు.

ఫాదర్‌ను, అంతయ్యను పిలిచాను. ఊరు మొత్తం వచ్చింది.

"నేను తప్పు చెప్పాను" అన్నాను. ఈ మాట మా ఆవిడ విని ఉంటే బాగుండేది. "చూడండి, ఇది పాతది, ఇది కొత్తది. మీ అందరి కంటే ముందు నుంచీ కలిసి ఉన్నాయి. పాత గోడ కట్టిన రోజే, తర్వాత ఎవరో వస్తారని తెలిసి, చివర సందులు ఉంచి ఆపారు. మేస్త్రీలు దీన్ని పళ్ళు వదలడం అంటారు. పళ్ళు వదిలితే ఆగుతుంది."

అంతయ్య దగ్గరకు వచ్చి నల్ల రాయిని, ఎర్ర రాయిని వేలితో తడిమాడు. గోరు దూరుతుందేమో అని చూశాడు. దూరలేదు. "పళ్ళు ఇడిసేది ఎవలు? పాతోళ్ళా, కొత్తోళ్ళా?"

"పాత గోడే వదలాలి. కొత్తది వచ్చి ఆ సందులో కూర్చుంటుంది."

లూర్దవ్వకు ప్రాణం లేచి వచ్చింది. "గింకేంది అన్నా! నీ దిక్కెల్లి పళ్ళు ఇడిసుడు ఎప్పుడో అయిపోయింది గద!"

వసారా దద్దరిల్లింది. అంతయ్య గంభీరంగా ఉండటానికి పెదవులు బిగించాడు. బిగించడానికి లోపల ఆసరా లేక అవి ఇంకా లోపలికి పోయాయి. చివరికి ఆయన కూడా నవ్వేశాడు, అప్పుడు అందరం చూశాం. "ఒక్కటున్నది" అన్నాడు వేలు పెట్టి చూపిస్తూ. "పెండ్లి కూరల బొక్క కొరకనీకె ఉంచుకున్న."

ఫాదర్ ఆ మాటను పట్టుకున్నాడు. "అంటే అభ్యంతరం లేనట్టే కదా?"

"సారుకే లేకుంటె నాకేంది" అన్నాడు అంతయ్య.

భోజనం లూర్దవ్వ ఇంట్లో. అన్నం, పప్పు, చింతకాయ తొక్కు. నేను మాంసం తిననంటే, "గందుకే గిట్ల గోడలు వట్టుకొని తిరుగుతున్నవ్" అన్నది. తినేంతసేపు పెండ్లి తేదీ నాలుగుసార్లు చెప్పించి, తిరిగి నా చేత అప్పజెప్పించుకుంది. "తప్పక రా సారు. ముందల కూసో. నేనే నీ నోట్లె లడ్డు వెడ్త. ఫాదర్ అభ్యంతరం ఉన్నదా అని అడిగినప్పుడు నమలుతుండు."

మూడింటికి ఆటో దాకా సాగనంపడానికి ఫాదర్ వచ్చాడు. ఎవరూ వినకుండా అడిగాడు: "మరి మా హాలు సంగతేంటి సారు? కలపొచ్చా?"

ఎడమ గోడను కూడా నేను తాళంచెవితో గీకి చూసి వచ్చాను. అటువైపు పళ్ళు వదలలేదు. అటు ఎవరైనా వస్తారని ఆనాటి మేస్త్రీలు అనుకోలేదు. ఆ గోడ ముట్టుకోకుండా, నడుమ కొంత ఎడం వదిలి హాలు వేరుగా లేపడమే మేలు. లూర్దవ్వ ఆటో అవతల నిలబడి నా నోటి వైపే చూస్తున్నది.

"పెండ్లి మరునాడు చెబుతాను ఫాదర్. అప్పటిదాకా మీరు ఆ గోడ జోలికి పోకండి, నేను నా నోటి జోలికి పోను" అన్నాను.

చూడాలనుకునేవాళ్ళు ఊరు వెతుక్కుని అయినా తప్పక వెళ్ళండి. కామారెడ్డి నుంచి పొద్దుటి బస్సుకు బయలుదేరితే చీకటి పడకముందే ఇల్లు చేరవచ్చు. కమానుల మీది తామరపువ్వులు, దీపపు గూళ్ళు చూడండి. తలుపుకు కుడివైపు సున్నం ఊడిన చోటు చూడటం మరిచిపోవద్దు. దాన్ని మళ్ళీ కప్పవద్దని ఫాదర్‌కు చెప్పి వచ్చాను. పేర్లు చదివే సమయంలో మాత్రం వాసాల వైపు చూస్తూ కూర్చోండి. మంచి టేకు.

తిరుగు బస్సులో పొద్దుటి కండక్టరే ఉన్నాడు. నన్ను గుర్తుపట్టి, నా చొక్కా నిండా ఉన్న సున్నం చూసి, "ఏడికెల్లి సారు గిట్ల?" అన్నాడు.

"విచారణకు పోయొస్తున్న."

"అయ్యో! కేసా?"

"ఊఁ. పాత గోడకూ, కొత్త గోడకూ."

"ఎవలు గెలిచిండ్రు?"

"తెల్వదు" అన్నాను. "వచ్చే నెల భోజనాలున్నయి."